స్నేహితులతో వెనిస్‌కు: విద్యార్థి జేబుకు తగ్గట్టు రెండు రోజుల ప్రయాణం ఎలా కుదుర్చుకోవాలి

మధ్యాహ్నం పన్నెండింటికి వెనిస్‌లో రైలు దిగి, సాయంత్రం ఆరింటికి మళ్లీ రైలెక్కినవారు చాలామంది "జనం తప్ప ఏమీ కనబడలేదు" అని పెదవి విరుస్తారు. వారు చూసిన గంటలు అలాంటివి. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు ఒక్కపూట సందర్శకులతో కిక్కిరిసే ఆ ఊరు తెల్లవారుజామున, రాత్రి భోజనాల తర్వాత దాదాపు ఖాళీగా ఉంటుంది. కాబట్టి ప్రయాణం ఎలా కుదుర్చుకున్నా, ఒక్క రాత్రైనా అక్కడ ఉండేలా చూసుకోండి. మిగిలిన సలహాలన్నీ దీని తర్వాతే. జర్మనీలో ఎం.ఎస్. చదివే రోజుల్లో మేము అయిదుగురం వెళ్లి నేర్చుకున్న పాఠాలు, ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్లి సరిదిద్దుకున్న సంగతులు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కాగితాలు. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ వంటి షెంగెన్ (ఉమ్మడి వీసా ఉన్న ఐరోపా) దేశాల్లో నివాస అనుమతి కార్డు ఉన్న భారతీయ విద్యార్థికి ఇటలీ వెళ్లడానికి వేరే వీసా అక్కర లేదు; ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఇతర షెంగెన్ దేశాల్లో తిరగవచ్చు. అయితే కార్డుతో పాటు అసలు పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండాలి. ఫోనులో తీసిన ఫోటో చాలదు. తిరుగు ప్రయాణంలో ఆస్ట్రియా నుంచి జర్మనీలోకి వచ్చే బస్సులను పోలీసులు ఆపి తనిఖీ చేయడం మామూలే. అర్ధరాత్రి నిద్రమత్తులో బ్యాగు అడుగున పాస్‌పోర్టు కోసం వెతుక్కునే బాధ తప్పాలంటే దాన్ని పై జేబులోనే ఉంచుకోండి. బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో చదువుతున్నవారికి మాత్రం షెంగెన్ వీసా తప్పనిసరి. దరఖాస్తు ఇవ్వడానికి అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కనుక టికెట్లు కొనకముందే ఆ పని మొదలుపెట్టాలి.

తర్వాత తేల్చుకోవాల్సింది ఎంతమంది అన్నది. నలుగురు లేదా అయిదుగురు సరైన సంఖ్య అని నా అభిప్రాయం. గొండోలా అనే వెనిస్ తెడ్డు పడవలో అయిదుగురికి మించి ఎక్కనివ్వరు, ఆరో మనిషి కోసం రెండో పడవకు పూర్తి డబ్బు కట్టాల్సి వస్తుంది. అక్కడి సందులు కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు కాబట్టి, పదిమంది బృందం ప్రతి వంతెన దగ్గరా ఒకరి కోసం ఒకరు ఆగుతూ పూటంతా గడిపేస్తుంది. ఉమ్మడి ఖర్చులను ఒక్కరే పెట్టి, ఫోనులోని లెక్కల యాప్‌లో అదే రోజు రాత్రి ఎక్కించుకోవాలి. స్నేహాలు చెడేది పెద్ద ఖర్చుల దగ్గర కాదు, ఎవరు కట్టారో గుర్తులేని నాలుగు యూరోల దగ్గర.

ఎప్పుడు వెళ్లాలన్న విషయంలో మార్చి నెల, లేదా అక్టోబరు మొదటి సగం, అదీ వారం మధ్యలో అయితే మేలు. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత, దోమలు రెండూ మన గోదావరి జిల్లాలను గుర్తు చేస్తాయి. ఫిబ్రవరి ప్రాంతంలో జరిగే ముసుగుల పండుగ కార్నివాల్ ముచ్చటైనదే గానీ, ఆ రోజుల్లో గదుల అద్దెలు విద్యార్థికి అందవు. ఇంకో సంగతి ఉంది. 2024 ఏప్రిల్ 25 నుంచి వెనిస్ నగరపాలక సంస్థ కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య వచ్చే ఒక్కపూట సందర్శకుల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటోంది. 2025లో అలాంటి రోజులు 54. ముందుగా కడితే 5 యూరోలు, చివరి మూడు రోజుల్లో కడితే 10 యూరోలు. రాత్రి బస చేసేవారికి ఈ రుసుము లేదు. ప్రధాన భూభాగంలో ఉన్న మెస్త్రే కూడా అదే నగరపాలికలోనిది కనుక అక్కడ గది తీసుకున్నా మినహాయింపు వర్తిస్తుంది. అయితే అధికారిక వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, మినహాయింపు కోడ్‌ను ఫోనులో పెట్టుకోవాలి. బస చేసిన రాత్రికి తీసుకునే పర్యాటక పన్ను వేరు. గది అద్దెలో అది కలిసి ఉందో లేదో ముందే అడగండి.

ఇక చేరుకోవడం. మ్యూనిక్, వియన్నాల నుంచి వెనిస్‌కు రాత్రి రైళ్లున్నాయి, వాటికంటే చవకగా రాత్రి బస్సులూ ఉన్నాయి. రాత్రి ప్రయాణం చేస్తే ఒక గది అద్దె మిగలడమే కాక, జనం రాకముందే ఊళ్లో అడుగుపెట్టవచ్చు. రైలులో వచ్చేవారు పేరులో వెనిస్ అని ఉన్న రెండు స్టేషన్ల మధ్య పొరపాటు పడకూడదు. మెస్త్రే నేల మీది ఊరు. అక్కడ దిగకుండా ఉండిపోతే రైలు 1846లో కట్టిన వంతెన మీదుగా ఉప్పునీటి సరస్సును దాటి, పది నిమిషాల్లో సాంతా లూచియా స్టేషన్ చేరుతుంది. వెనిస్ చుట్టూ ఉన్న ఆ నీటిని మన పులికాట్ లాంటి సరస్సుగా ఊహించుకోండి. సన్నని ఇసుక దిబ్బలు సముద్రాన్ని అడ్డుకుంటాయి, మూడుచోట్ల మాత్రం ఆటుపోట్లు లోపలికీ బయటికీ నడుస్తుంటాయి. విమానంలో వచ్చేవారు టికెట్ మీద ఉన్నది మార్కో పోలో విమానాశ్రయమా, త్రెవీజోనా అని చూసుకోవాలి. చవక విమానాలు కొన్ని త్రెవీజోలో దిగుతాయి, అక్కడి నుంచి బస్సు ఖర్చు, గంట ప్రయాణం అదనం.

గది ద్వీపం మీదనా మెస్త్రేలోనా అన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. మెస్త్రే హాస్టళ్లు చవక, రైలు టికెట్ రెండు యూరోల లోపే. కానీ రాత్రి పదకొండు తర్వాత రైళ్ల మధ్య విరామం పెరుగుతుంది, మీరు వచ్చిందేమో ఆ రాత్రి వేళ కోసమే. అయిదుగురు కలిసి ముందుగా వెతికితే కన్నారేజో పేటలోనో, ఎదుటి జుదెక్కా ద్వీపంలోనో అందుబాటు ధరలో పడకలు దొరుకుతాయి. మెస్త్రేలోనే ఉంటే, స్టేషన్‌లో కాగితం టికెట్ కొన్నప్పుడు రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరవకండి. ముద్ర లేని టికెట్ ఉంటే టికెట్ లేనట్టే లెక్క. సామానంతా వీపు సంచిలోనే సర్దుకోండి. నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊరది, దాదాపు ప్రతి వంతెనకూ మెట్లే. చక్రాల సూట్‌కేసు తెచ్చిన మా స్నేహితుడు రెండో రోజు దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచాడు.

ఊళ్లో కార్లు, ఆటోలు, సైకిళ్లు ఏవీ లేవు. బస్సులు పియాజ్జలే రోమా దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి కాళ్లు, లేదా వాపొరెట్టో అనే నీటి బస్సు. దాని లెక్క ముందే వేసుకోవాలి, ఎందుకంటే విద్యార్థుల డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే. 2025 ధరల ప్రకారం 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, 24 గంటల పాస్ 25, 48 గంటల పాస్ 35, 72 గంటల పాస్ 45. అయితే 6 నుంచి 29 ఏళ్ల వయసు వారికి రోలింగ్ వెనిస్ అనే కార్డు ఉంది. 6 యూరోలతో ఆ కార్డు కొంటే 72 గంటల పాస్ 27 యూరోలకే వస్తుంది. అంటే మొత్తం 33, మామూలు 48 గంటల పాస్ కంటే తక్కువ. ఏ దేశపు పౌరుడైనా వయసు రుజువు చూపితే చాలు. మొదటి రోజంతా నడిచి, రెండో రోజు ద్వీపాలకు మాత్రమే పడవ వాడేవారికి 24 గంటల పాస్ సరిపోతుంది. ఏది కొన్నా, పడవ ఎక్కే ప్రతిసారీ రేవు దగ్గరి యంత్రానికి టికెట్ తాకించాలి. పడవ ఏ దిక్కుకు పోతుందో కూడా రేవు పలకం మీద చదవండి. మాలో ఒకరు గొప్ప ధీమాతో ఎక్కి, మేము చేతులూపుతూ చూస్తుండగానే అవతలి దిక్కుకు వెళ్లిపోయారు.

తెల్లవారి రాగానే మొదటి పనిగా పియాజ్జలే రోమా దగ్గర ఒకటో నంబరు వాపొరెట్టో ఎక్కండి. స్టేషన్ ఎదుట ఎక్కితే కుర్చీలు దొరకవు. అది బయలుదేరే చోటే ఎక్కితే, పాత పడవల్లో ముందువైపు ఆరుబయట ఉండే కుర్చీలు మీవవుతాయి. అది ప్రతి రేవులోనూ ఆగుతూ, దాదాపు 3.8 కిలోమీటర్ల గ్రాండ్ కెనాల్ పొడవునా సాగి ముప్పావు గంటలో సాన్ మార్కో చేరుతుంది. రెండు ఒడ్లా నీళ్లలోనే నిలబడినట్టున్న భవనాలు నిజానికి బంకమట్టిలోకి దట్టంగా దించిన కర్ర మొద్దుల మీద నిలిచాయి. గాలి తగలని బురదలో కర్ర తొందరగా కుళ్లదు. ఆ మొద్దుల పైన ఉప్పునీటిని తట్టుకునే ఇస్త్రియా రాయి, ఆ పైన ఇటుక. దారిలో రియాల్టో వంతెన వస్తుంది. ఆంతోనియో దా పోంతే 1591లో పూర్తి చేసిన ఆ ఒంటి కమాను, 19వ శతాబ్దం దాకా ఆ కాలువను కాలినడకన దాటడానికి ఉన్న ఏకైక వంతెన.

సాన్ మార్కో చౌకు దగ్గర ఎనిమిదిలోపే దిగితే, ఫోటోల్లో మాత్రమే చూసిన ఖాళీ చౌకు నిజంగానే కనబడుతుంది. అక్కడి పెద్ద చర్చి బసిలికాకు ఆన్‌లైన్‌లో ముందుగానే వేళ ఖరారు చేసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పుకుని ఉండాలి. పెద్ద సంచులు లోపలికి తేనివ్వరు. ఆదివారం ఉదయం ప్రార్థనలు కనుక సందర్శకులకు మధ్యాహ్నమే ప్రవేశం. లోపల బంగారు పూత గాజు ముక్కలతో చేసిన చిత్రాలు ఎనిమిది వేల చదరపు మీటర్లకు పైగా పరచుకుని ఉన్నాయి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఒకచోట నిలబడండి, నెమ్మదిగా గోడలు వెలుగుతాయి. ముఖద్వారం మీది నాలుగు గుర్రాలు నకళ్లు. 1204లో కాన్‌స్టాంటినోపుల్ కొల్లగొట్టినప్పుడు తెచ్చిన అసలైనవి లోపలి మ్యూజియంలో ఉన్నాయి. పక్కనే ఉన్న దోజె (పాత వెనిస్ పాలకుడి) ప్రాసాదానికి 15 నుంచి 25 ఏళ్ల విద్యార్థులకు తగ్గింపు ఉంది, గుర్తింపు కార్డు చూపించాలి. కానీ అకాదెమియా వంటి ప్రభుత్వ చిత్రశాలల్లో 18 నుంచి 25 ఏళ్లవారికి ఇచ్చే 2 యూరోల టికెట్ ఐరోపా సమాఖ్య పౌరులకే. మన విద్యార్థి కార్డు అక్కడ పనికి రాదు. నెలలో మొదటి ఆదివారం మాత్రం ఆ చిత్రశాల అందరికీ ఉచితం.

చౌకులోని గంటగోపురం 98 మీటర్ల పైచిలుకు ఎత్తుంటుంది. 1902 జూలై 14న ఉన్నపళంగా కూలిపోతే, అచ్చం అలాగే మళ్లీ కట్టి 1912లో తెరిచారు. దాని దగ్గర వరుస పొడవుగా ఉంటే ఊరుకోండి. రెండో నంబరు పడవలో ఒక్క రేవు అవతల ఉన్న సాన్ జోర్జో మజ్జోరే చర్చి గోపురానికి లిఫ్టు ఉంది, వరుస ఉండదు, పైగా సాన్ మార్కో అంతా ఎదురుగా కనబడేది అక్కడి నుంచే. నన్నడిగితే డబ్బు పెట్టి ఎక్కాల్సింది అదే.

పది దాటాక పెద్ద దారులు వదిలిపెట్టండి. గోడల మీది పసుపు పలకలు రియాల్టోకు, సాన్ మార్కోకు, స్టేషన్‌కు దారి చూపిస్తాయి. జనమంతా వాటి వెంటే పోతారు, మీరు వాటిని విడిచి పక్క సందులోకి మళ్లండి. కొన్ని మాటలు తెలిస్తే చాలు: కాల్లె అంటే సందు, కాంపో అంటే చౌకు, రియో అంటే చిన్న కాలువ, ఫొందమెంతా అంటే కాలువ గట్టు దారి, రియో తెరా అంటే ఒకప్పుడు కాలువగా ఉండి పూడ్చిన వీధి. ఇంటి నంబర్లు వీధుల వారీగా కాక పేటల వారీగా వేల సంఖ్యలోకి పోతాయి కనుక, చిరునామాలో నంబరు మాత్రమే రాసుకుంటే ఇల్లు దొరకదు. దగ్గరి కాంపో పేరు కూడా రాసుకోండి. ఎత్తైన గోడల మధ్య ఫోను చూపే స్థానం తరచు తప్పుతుంది. మ్యాపును ముందే దించుకుని, ప్రతి కాంపోలో ఒకసారి మాత్రం సరిచూసుకోండి. కుడివైపుగా, ఒకరి వెనక ఒకరు నడవడం, వంతెనల మీద ఫోటోల కోసం ఆగిపోకుండా ఉండడం అక్కడి మర్యాద. ఆ సందుల్లోనే తోపుడు బండ్ల మీద ఊరి సరుకంతా కదలాలి.

తెలుగువారు తప్పకుండా వెతుక్కోవాల్సిన మూల ఒకటుంది. రియాల్టో నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేసి, సాన్ జోవాన్ని గ్రిజొస్తొమో చర్చి వెనక్కి తిరిగితే కోర్తె సెకొందా దెల్ మిలియోన్ అనే చిన్న వాకిలి వస్తుంది. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ చుట్టుపక్కలే ఉండేది. ఇల్లు కాలిపోయింది, ఆ స్థలంలో ఇప్పుడు మాలిబ్రాన్ నాటకశాల ఉంది. వాకిలిలో మాత్రం పాత శిల్పపు కమాను ఒకటి నిలిచి ఉంది. 13వ శతాబ్దం చివర చైనా నుంచి తిరిగి వచ్చిన ఆ యాత్రికుడు ముత్‌ఫిలి అనే రాజ్యం గురించి చెప్పాడు. భర్త పోయాక న్యాయంగా ఏలుతున్న రాణిని, వర్షాల తర్వాత దొరికే వజ్రాలను, సాలెగూడంత పలుచని నూలు బట్టలను వర్ణించాడు. ముత్‌ఫిలి అంటే ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. విదేశీ వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు శాసనం వేయించిన రేవు అది. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. రుద్రమ భర్త గురించి అతనికి అందిన సమాచారం సంగతి ఎలా ఉన్నా, మన ఊరి కబురు ఆ సందులోకి ఏడు వందల ఏళ్ల కిందటే చేరిందన్నమాట. అక్కడ వరుస లేదు, టికెట్ లేదు.

గొండోలా ఎక్కాలా వద్దా అని ప్రతి బృందంలోనూ వాదన వస్తుంది. నగరపాలిక నిర్ణయించిన ధర పగలు 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి ఏడు తర్వాత 35 నిమిషాలకు 110. ధర పడవకు, మనిషికి కాదు. అయిదుగురు పంచుకుంటే తలకు 18 యూరోలు. ఎక్కేముందు ధర, నిమిషాలు, వెళ్లే దారి మాట్లాడుకోండి. చిన్న కాలువల్లోకి తీసుకెళ్లమని అడగండి, గ్రాండ్ కెనాల్ మీరు వాపొరెట్టోలో చూసే ఉంటారు. వద్దనుకుంటే రియాల్టో చేపల సంత దగ్గర త్రగెత్తో ఉంది. అదీ గొండోలానే, ఇద్దరు తెడ్డు వేస్తూ గ్రాండ్ కెనాల్‌ను అడ్డంగా దాటిస్తారు, బయటివారికి 2 యూరోలు. రెండు నిమిషాల ఆ ప్రయాణంతో మా వాదన తీరిపోయింది. కుతూహలం ఉంటే సాన్ త్రొవాజో దగ్గర గొండోలాలు తయారు చేసి బాగుచేసే చోటును కాలువ ఇవతలి గట్టు నుంచి చూడవచ్చు. పడవ ఎడమవైపు కుడివైపు కంటే వెడల్పుగా ఉంటుంది. ఒకే పక్క తెడ్డు వేసినా అది నేరుగా సాగడానికి చేసిన ఏర్పాటది.

తిండి విషయంలో మొదటి పూటకు ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి, చింతపండు పులుపుకు రాత్రి ప్రయాణం ఒక లెక్కలోది కాదు. అయితే సాన్ మార్కో చౌకులో, దాని అరుగుల మీద కూర్చుని తినడం నిషిద్ధం, జరిమానా వేస్తారు. దూరంగా ఏదైనా పార్కులో బల్ల చూసుకోండి. ఆ తర్వాత బాకరో అనే చిన్న కొట్లలో నిలబడి చిక్కెత్తి తినడం చవకైన పద్ధతి; రొట్టె ముక్కల మీద రకరకాల పదార్థాలు పెట్టి ఒక్కొక్కటి రెండు మూడు యూరోలకు అమ్ముతారు. శాకాహారులు ఒకదానితో జాగ్రత్త. తెల్లగా, గట్టి పెరుగులా, వెన్నలా కనిపించే బకలా మంతెకాతో నిజానికి ఎండు చేపను నూనెతో మెదిపి చేసింది. "సెంజా కార్నే, సెంజా పెషే" అంటే మాంసం, చేప లేకుండా అని. అచ్చులతో ముగిసే మాటలు కాబట్టి మన నోటికి ఇట్టే పడతాయి. హోటల్లో కూర్చుంటే తలకు రెండు మూడు యూరోలు కూర్చున్నందుకే పడతాయి, మెనూలో కొపెర్తో అని ఉండేది అదే. కాఫీ కూడా కౌంటర్ దగ్గర నిలబడి తాగితేనే చవక. మంచినీళ్లు కొనకండి, వీధి కొళాయిల నీళ్లు తాగవచ్చు. రాత్రి వంటకు సరుకులు కావాలంటే కన్నారేజోలో పాత సినిమాహాలును సూపర్‌మార్కెట్‌గా మార్చిన తెయాత్రో ఇతాలియా చూడండి, పాలు కొనడానికి వెళ్లి పైకప్పు బొమ్మలు చూస్తూ నిలబడిపోతారు.

రెండో రోజు ద్వీపాలకు. తొమ్మిదిలోపే ఫొందమెంతె నోవె రేవు నుంచి 12వ నంబరు పడవలో ముందు దూరంగా ఉన్న బురానో చేరుకుని, తిరుగు దారిలో మురానో దిగండి. అందరూ దీనికి ఎదురు క్రమంలో వెళ్తారు కనుక మీకు రంగురంగుల ఇళ్ల వీధులు ఖాళీగా దొరుకుతాయి. మురానోకు గాజు కొలిమిలను 1291లో తరలించారు, కర్ర ఇళ్ల ఊరికి నిప్పు భయం కారణం. ఉచితంగా గాజు పని చూపిస్తామని పిలిచేవారి వెనక అమ్మకపు గది ఉంటుందని గుర్తుంచుకోండి.

అక్టోబరు నుంచి జనవరి మధ్య వెళ్తే ఆటుపోట్ల అంచనా ముందురోజు చూసుకోవాలి. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్లు, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లు లేచింది. 2020 అక్టోబరు నుంచి మోజె అనే కదిలే అడ్డుకట్టలు, మొత్తం 78, సుమారు 110 సెంటీమీటర్ల పోటు వస్తుందన్నప్పుడు సముద్ర ద్వారాల దగ్గర పైకి లేస్తున్నాయి. అంతకు తక్కువ పోటుకు కూడా పల్లంలో ఉన్న సాన్ మార్కోలో పాదాలు తడుస్తాయి. బల్లల దారులు వేస్తారు, కొన్ని గంటల్లో నీరు తీస్తుంది. ఆ వేళకు ఎత్తైన పేటల్లో తిరగండి, కాలువల్లో ఎంత ముచ్చటేసినా దిగకండి.

పాస్ గడువు తీరకముందే రెండో రాత్రి పది దాటాక సాన్ మార్కో రేవులో మళ్లీ ఒకటో నంబరు పడవ ఎక్కి స్టేషన్ వైపు రండి. ఉదయం వచ్చిన దారే. ఈసారి కిటికీల్లో దీపాలు వెలుగుతూ, వాటి వెనక ఇళ్ల పైకప్పుల చిత్రాలు కనబడుతుంటాయి. బస్సు వేళకు ముప్పావు గంట ముందు పియాజ్జలే రోమాలో ఉండేలా లెక్క చూసుకోండి, బస్సు పక్కనున్న త్రొంకెత్తో ద్వీపం నుంచి బయలుదేరేదైతే ఇంకో పావుగంట కలుపుకోండి.